చెన్నైలో పాత కారు బ్యాటరీ: కొనే ముందు కొలవండి, మార్చేటప్పుడు ఇలా మార్చండి

పదేళ్లు దాటిన కారు పొద్దున్నే సెల్ఫ్ తీసుకోకపోతే, చుట్టూ ఉన్నవాళ్లు మొదట చెప్పే మాట ‘బ్యాటరీ మార్చేయండి’. ఫోన్ చేస్తే మనిషి ఇంటికే వచ్చి బిగించి వెళ్తాడు కాబట్టి ఆ సలహా పాటించడం కూడా తేలికే. కానీ పాత కార్లలో లోపం చాలాసార్లు బ్యాటరీలో ఉండదు. ఆకుపచ్చ పొడి పట్టిన టెర్మినల్, తుప్పు తిన్న ఎర్త్ వైరు (బ్యాటరీ నెగెటివ్‌ను కారు బాడీకి కలిపేది), సరిగా చార్జ్ చేయని ఆల్టర్నేటర్, రాత్రంతా కరెంటు లాగే స్టీరియో, వీటిలో ఏదో ఒకటి కారణం అవుతుంది. దాన్ని వదిలేసి కొత్త బ్యాటరీ పెడితే కొన్నాళ్లు బాగానే నడిచి, చివరికి అదీ పడుకుంటుంది. డబ్బూ పోతుంది, టెన్షనూ తగ్గదు. అందుకే ఇక్కడ కొనడం గురించి కన్నా కొలవడం గురించే ఎక్కువ రాశాను.

ఇది మారుతి 800, జెన్, పాత ఆల్టో, శాంత్రో, ఇండికా, ఐకాన్ లాంటి కార్లున్నవారి కోసం. సిగ్నల్ దగ్గర తనంతట తాను ఆగి మళ్లీ స్టార్ట్ అయ్యే కొత్త కార్లకు, హైబ్రిడ్‌లకు వేరే రకం బ్యాటరీలు ఉంటాయి. వాటికి ఈ పద్ధతులన్నీ వర్తించవు.

ఇక్కడ బ్యాటరీని తినేసేది ఎండే

చలి దేశాలవాళ్లు రాసిన సలహాల్లో బ్యాటరీకి శత్రువు చలికాలం. మనకు ఆ బెడద లేదు, మన బాధ వేడితో. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ అంటే ఒక్కోటి సుమారు 2.1 వోల్టులిచ్చే ఆరు సెల్స్. ప్రతి సెల్‌లో సీసం ప్లేట్లు, వాటి మధ్య నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉంటాయి. వేడి పెరిగితే నీళ్లు త్వరగా తగ్గుతాయి, ప్లేట్ల లోపలి జాలీ త్వరగా తినుకుపోతుంది. సగటు వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందని ఈ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. 2003 మేలో చెన్నైలో 45 డిగ్రీలు నమోదయ్యాయి. బయటే అంత ఉంటే, ఇంజన్ పక్కన బోనెట్ కింద ఇంకెంత ఉంటుందో ఊహించుకోండి. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు.

అయితే ఎండలో దెబ్బతిన్న బ్యాటరీ ఎండాకాలంలోనే ఆగిపోవాలని లేదు. అక్టోబరు, నవంబరు వానల్లో హెడ్‌లైట్లు, వైపర్లు, ఏసీ అన్నీ కలిసి పనిచేసే రోజుల్లో దాని బలహీనత బయటపడుతుంది. అందుకని పరీక్ష ఏడాదికి రెండుసార్లు పెట్టుకోండి. అగ్ని నక్షత్రం (మే నెల మండుటెండలు) ముగిశాక ఒకసారి, ఈశాన్య రుతుపవనాలకు ముందు ఒకసారి.

రెండో కారణం మన తిరుగుడు. సెల్ఫ్ ఒక్కసారి కొడితే బ్యాటరీ నుంచి పెద్ద మొత్తంలో కరెంటు పోతుంది. అది తిరిగి నిండాలంటే బండి కొంతసేపు మంచి వేగంతో నడవాలి. ఇంటి నుంచి కూరగాయల అంగడి దాకా వెళ్లి ఆపేస్తే నిండదు. ఓఎమ్మార్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని ఐడిలింగ్‌లో గంటసేపు నిలబడినా పెద్దగా నిండదు, ఎందుకంటే ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆల్టర్నేటర్ ఇచ్చేదీ తక్కువే. సగం చార్జ్‌తో వారాల తరబడి ఉన్న బ్యాటరీలో ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి పేరుకుంటుంది. ఆ తర్వాత ఎంత చార్జ్ చేసినా పాత సామర్థ్యం రాదు.

బీసెంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి చోట్ల ఉండేవారికి మూడో బాధ కూడా ఉంది. ఉప్పుగాలికి టెర్మినళ్లు, ఎర్త్ వైరు బిగించిన బోల్టులు త్వరగా పాడవుతాయి. సముద్రానికి దగ్గరగా ఉంటే రెండు నెలలకోసారి బోనెట్ తీసి చూడటం మంచిది.

దగ్గర ఉంచుకోవాల్సినవి

ఒక డిజిటల్ మల్టీమీటర్. రిచీ స్ట్రీట్‌లో కొన్ని వందల రూపాయలకు దొరికేది చాలు, కానీ 10 ఆంపియర్ల సాకెట్ ఉన్నదే తీసుకోండి. 10 నంబర్ స్పానర్, 12 లేదా 13 నంబర్ స్పానర్, గట్టి బ్రష్, వంటసోడా, వాజిలీన్, రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు. మూతలు తీసే రకం బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్, వీలైతే ఒక హైడ్రోమీటర్ (యాసిడ్ గాఢత కొలిచేది).

పని మొదలుపెట్టే ముందు ఉంగరాలు, వాచీ, కడియం తీసేయండి. లోహపు ఉంగరం టెర్మినల్‌కీ బాడీకీ మధ్య తగిలితే క్షణంలో ఎర్రగా కాలి వేలిని కాలుస్తుంది. చార్జ్ అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, కాబట్టి దగ్గర్లో సిగరెట్ వద్దు, నిప్పురవ్వ వద్దు. యాసిడ్ ఒంటి మీద పడినా, కంట్లో పడినా వెంటనే కనీసం పదిహేను నిమిషాలు నీళ్లతో కడగాలి. కంట్లో పడితే ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

మొదటి అడుగు: కంటితో చూడటం

టెర్మినళ్ల మీద తెల్లటి లేదా ఆకుపచ్చ పొడి ఉందా? క్లాంప్‌ను (టెర్మినల్‌ను పట్టుకునే వైరు కొసను) చేత్తో తిప్పితే కదులుతోందా? కదిలితే అదే మీ జబ్బు కావచ్చు. బ్యాటరీ పక్కలు ఉబ్బాయా, ఎక్కడైనా చెమ్మ ఉందా చూడండి. ఉబ్బినదాన్ని, పగిలినదాన్ని ఇక పరీక్షించే పనిలేదు, మార్చాల్సిందే. నెగెటివ్ వైరు బాడీకి, గేర్‌బాక్స్‌కి బిగించిన చోటు కూడా తప్పకుండా చూడండి. పాత కార్లలో ఎవరూ పట్టించుకోని చోటు అదే.

కొన్ని బ్యాటరీల మీద ఆకుపచ్చగా కనిపించే చిన్న కన్ను ఉంటుంది. పచ్చగా ఉంటే బాగుందని, నల్లగా ఉంటే చార్జ్ కావాలని, తెల్లగా ఉంటే లోపల ద్రవం తగ్గిందని అర్థం. కానీ అది ఆరు సెల్స్‌లో ఒక్కదాని సంగతే చెబుతుంది. మిగతా అయిదింటిలో ఒకటి చచ్చిపోయినా అది పచ్చగానే ఉండొచ్చు. దాని మాట మాత్రమే నమ్మి ఏ నిర్ణయమూ తీసుకోకండి.

రెండో అడుగు: నాలుగు కొలతలు

మొదటిది విశ్రాంతిలో ఉన్న వోల్టేజీ. రాత్రంతా ఆపి ఉంచిన కారుకు, పొద్దున తలుపులు తీసి లైట్లు వెలగకముందే కొలిస్తే మేలు. అప్పుడే బండి నడిపి వచ్చి కొలిస్తే లేని బలం కనిపిస్తుంది. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద పెట్టి ఎర్ర తీగ పాజిటివ్‌కు, నల్ల తీగ నెగెటివ్‌కు తాకించండి. 12.6 లేదా ఆ పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అయితే ముప్పావు వంతు, 12.2 అయితే సగం. 12.0కి వచ్చిందంటే పావు వంతే మిగిలింది. తక్కువ ఉన్నంత మాత్రాన బ్యాటరీ పోయినట్టు కాదు, అది ఆకలితో ఉందని మాత్రమే. ముందు నిండుగా చార్జ్ చేయించి, తర్వాతే తీర్పు చెప్పాలి.

రెండోది సెల్ఫ్ కొట్టేటప్పుడు. ఇంట్లో ఒకరిని తాళం తిప్పమని మీరు మీటర్ చూడండి. నిండుగా చార్జ్ అయిన బ్యాటరీ సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 వోల్టుల కిందికి పడకూడదు. పడితే బ్యాటరీ బలహీనపడిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. దీనికి విరుద్ధంగా మీటర్ 12 దగ్గరే నిలబడి, సెల్ఫ్ మాత్రం టిక్కుమని ఊరుకుంటే బ్యాటరీని అనకండి. కరెంటు సెల్ఫ్ మోటారు దాకా చేరడం లేదు, లేదా మోటారే పాడైంది.

మూడోది ఇంజన్ నడుస్తుండగా. కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి కొలిస్తే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. తర్వాత హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాన్ వేసి మళ్లీ చూడండి. 13.3 కన్నా కిందికి జారిపోతుంటే బెల్టు వదులైందా చూసి, బెల్టు బాగుంటే ఆటో ఎలక్ట్రీషియన్‌కు ఆల్టర్నేటర్ చూపించండి. చాలామంది దీన్ని ఇప్పటికీ డైనమో అనే అంటారు. బ్రష్‌లు, రెగ్యులేటర్ మార్చితే సరిపోయే కేసులు చాలా ఉంటాయి, మొత్తం యూనిట్ మార్చమంటే ఇంకో చోట కూడా అడగండి. 14.8 దాటితే అదీ ప్రమాదమే. బ్యాటరీ మరిగి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది, కొత్తది పెట్టినా కొన్ని నెలల్లో చంపేస్తుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కొందరు మెకానిక్‌లు ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, బండి ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగున్నట్టే అంటారు. దయచేసి చేయనివ్వకండి. బ్యాటరీ తీసేయగానే వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి ఆల్టర్నేటర్ డయోడ్లను, ఇంజన్ కంప్యూటర్‌ను కాల్చేయగలదు. ఏ కంప్యూటరూ లేని పాత అంబాసిడర్ల కాలం నాటి అలవాటు అది. శాంత్రో లాంటి ఎంపీఎఫ్ఐ (కార్బొరేటర్ బదులు కంప్యూటర్ కొలిచి పెట్రోలు చిమ్మించే) బండి మీద చేస్తే బ్యాటరీ ఖరీదుకు ఎన్నో రెట్లు వదులుతుంది.

నాలుగోది కనెక్షన్ల పరీక్ష. మీటర్ ఒక తీగ బ్యాటరీ నెగెటివ్ పోస్టు (క్లాంప్ కూర్చునే సీసం బొడిపె) నడిమధ్య, రెండోది ఇంజన్ మీద శుభ్రమైన లోహం మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుల దాకా ఫరవాలేదు. 0.5 దాటితే ఎర్త్ వైరులో లోపం ఉంది. తర్వాత పాజిటివ్ పోస్టుకూ దాని క్లాంప్‌కూ మధ్య కొలవండి. అక్కడ దాదాపు సున్నా రావాలి. బ్యాటరీ మార్చమని చెప్పిన ఎన్నో కార్లు ఈ ఒక్క పరీక్షతో, ఒక కొత్త ఎర్త్ వైరుతో బాగుపడతాయి.

రాత్రిపూట కరెంటు ఎవరు తాగుతున్నారు?

పొద్దున దిగిపోయి ఉంటోంది, చార్జ్ చేస్తే బాగానే నడుస్తోంది అంటే ఈ పరీక్ష చేయండి. ఇగ్నిషన్‌లోంచి తాళంచెవి తీసి, తలుపులు మూసి, నెగెటివ్ వైరు విప్పండి. మీటర్ ఎర్ర తీగను 10 ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చి, విప్పిన వైరుకూ నెగెటివ్ పోస్టుకూ మధ్య మీటర్‌ను కలపండి. ఈ స్థితిలో ఇగ్నిషన్ వేయకూడదు, సెల్ఫ్ అసలే కొట్టకూడదు, మీటర్ కాలిపోతుంది. పావుగంట ఆగి చూస్తే 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి.

ఎక్కువ ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ రండి. ఏది తీసినప్పుడు అంకె ఒక్కసారిగా పడిపోతుందో దొంగ ఆ లైన్‌లోనే ఉంది. బయట బిగించిన స్టీరియోలు, అలారంలు, డ్యాష్ క్యామ్‌లు, డిక్కీ లైటు మామూలు అనుమానితులు. ఏ ఫ్యూజు తీసినా తగ్గకపోతే ఆల్టర్నేటర్ డయోడ్ లీకవుతుండొచ్చు.

50 మిల్లీ ఆంపియర్లు సరైనదే అయినా దాని లెక్క చూడండి. రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు (బ్యాటరీ సామర్థ్యాన్ని కొలిచే లెక్క). 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నెల తిరక్కుండానే ఖాళీ, సెల్ఫ్ కొట్టలేని స్థితికి అంతకన్నా చాలా ముందే వస్తుంది. సంక్రాంతికి రైలెక్కి నెల్లూరో ఒంగోలో వెళ్లి రెండు వారాలు ఉండేవాళ్లు, పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్లే పెద్దవాళ్లు, వెళ్లే ముందు నెగెటివ్ వైరు విప్పేసి వెళ్లండి. వాచ్‌మన్‌కు తాళాలిచ్చి రోజూ అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపమని చెప్పడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. స్టార్టింగుకు పోయినది అయిదు నిమిషాల ఐడిలింగ్‌లో తిరిగి రాదు.

శుభ్రం చేయడం, నీళ్లు పోయడం, చార్జ్ చేయడం

టెర్మినళ్లు విప్పి (ముందు నెగెటివ్), గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి బ్రష్‌తో రుద్దండి. బుడగలు ఆగేదాకా రుద్ది, మామూలు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. సోడానీళ్లు మూతల్లోంచి సెల్స్‌లోకి పోకుండా చూడండి. క్లాంప్ లోపలి వైపు మెరిసేదాకా గీకి, బిగించాక పైన వాజిలీన్ పూయండి. బిగించక ముందు దట్టంగా పూయడం వద్దు.

మూతలున్న బ్యాటరీకి వేసవిలో నెలకోసారి నీళ్ల మట్టం చూడాలి. ప్లేట్లు బయటపడకూడదు, పై గీత దాటి పోయకూడదు. డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ వద్దు. క్యాన్ వాటర్, ఆర్వో నీళ్లు, కాచి చల్లార్చిన నీళ్లు, వీటన్నిటిలోనూ ఖనిజాలుంటాయి. యాసిడ్ అయితే అసలే పోయకూడదు, ఆవిరైపోయింది నీళ్లే కానీ యాసిడ్ కాదు. నీళ్లు పోసి, చార్జ్ చేసి, తర్వాత హైడ్రోమీటర్ పెట్టండి. మన లాంటి వేడి ప్రాంతాలకు కంపెనీలు యాసిడ్ గాఢత కొంచెం తక్కువ ఉంచుతాయి కాబట్టి, పుస్తకంలోని 1.265 రాలేదని కంగారుపడకండి. చూడాల్సింది సెల్స్ మధ్య తేడా. అయిదు సెల్స్ ఒకలా ఉండి ఒకటి 0.050 తక్కువ చూపిస్తే ఆ సెల్ పోయింది, దానితో బ్యాటరీ కూడా.

చార్జింగ్ నెమ్మదిగా జరగాలి. సామర్థ్యంలో పదో వంతు కరెంటు, అంటే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 3.5 ఆంపియర్లు, రాత్రంతా. గంటలో నింపి ఇస్తామనే షాపులో చేయిస్తే ప్లేట్లు వేడెక్కి దెబ్బతింటాయి.

దారిలో ఆగిపోతే

జంపర్ కేబుళ్లు ఉంటే వరస ఇది. ఎర్ర కేబుల్ ముందు మీ బ్యాటరీ పాజిటివ్‌కు, తర్వాత అవతలి కారు పాజిటివ్‌కు. నల్లది అవతలి కారు నెగెటివ్‌కు, చివరి కొస మీ ఇంజన్ మీద బ్యాటరీకి దూరంగా ఉన్న లోహానికి. చివరి కనెక్షన్ దగ్గరే నిప్పురవ్వ వస్తుంది, అందుకే బ్యాటరీకి దూరం. అవతలి బండి కొన్ని నిమిషాలు నడిచాక మీది స్టార్ట్ చేసి, పెట్టిన వరసకు తిరగేసి విప్పండి.

తోసి స్టార్ట్ చేయడం కార్బొరేటర్ ఉన్న పాత 800కు పనికొస్తుంది. ఎంపీఎఫ్ఐ కారులో బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే పెట్రోలు పంపే తిరగదు. పదేపదే తోస్తే కాలని పెట్రోలు సైలెన్సర్‌లోని కాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది.

తుఫాను హెచ్చరిక వస్తే వేళచ్చేరివాళ్లు కార్లు తీసుకెళ్లి ఫ్లైఓవర్ మీద పెట్టడం మనకు తెలిసిందే. అది తెలివైన పని. తీసుకెళ్లే వీలు లేకపోతే నీళ్లు రాకముందే నెగెటివ్ విప్పండి. ఇంజన్ దాకా నీళ్లు వచ్చిన కారుకు సెల్ఫ్ కొట్టి చూడకండి.

కొనేటప్పుడు

అన్ని పరీక్షలూ చేశాక కూడా తప్పు బ్యాటరీదే అని తేలితే సందేహించకుండా మార్చండి. చెన్నైలో మూడు నాలుగేళ్లు పనిచేసిందంటే అది తన బాకీ తీర్చినట్టే.

పాత బ్యాటరీ మీది కోడ్, కొలతలు ఫోటో తీసుకోండి. కోడ్ చివరి ఎల్ లేదా ఆర్ అక్షరం టెర్మినల్ ఏ వైపు ఉందో చెబుతుంది, కానీ దానిమీద వాదన వద్దు. టెర్మినళ్లు మీ వైపు వచ్చేలా నిలబడి పాజిటివ్ ఎడమా కుడా చూసుకోండి. తేడా వస్తే వైరు అందదు, లాగి అందించడం ప్రమాదం. టెర్మినల్ పోస్టులు సన్నవి, లావువి రెండు రకాలుంటాయి. లావు క్లాంప్‌కు సన్న పోస్టు వస్తే మధ్యలో వైరు ముక్కలు చుట్టి బిగించే అలవాటు ఒకటుంది, ఒప్పుకోకండి. ఆంపియర్ అవర్లు కంపెనీ చెప్పినవే తీసుకోండి. పెద్దది పెడితే కారుకు నష్టమేమీ లేదు కానీ ట్రేలో పట్టకపోవచ్చు.

ఎక్సైడ్ మంచిదా, మన తిరుపతి దగ్గర తయారయ్యే అమరాన్ మంచిదా అని చాలామంది అడుగుతారు. నా అభిప్రాయంలో బ్రాండ్ కన్నా తయారైన తేదీ ముఖ్యం. గోడౌన్ వేడిలో నెలల తరబడి పడి ఉన్న బ్యాటరీ అమ్మకముందే ముసలిదవుతుంది. మూడు నెలల లోపుదే ఇవ్వమనండి, అక్కడే మీ మీటర్‌తో కొలవండి, 12.5 కన్నా తక్కువ ఉంటే వేరేది అడగండి. వారంటీ పెద్ద అంకెలో ఎన్ని నెలలు పూర్తి ఉచితమో, ఎన్ని నెలలు ధరలో తగ్గింపు మాత్రమేనో కార్డు మీద రాయించుకోండి. పుదుపేటలో పాత మోడళ్ల బ్యాటరీ ట్రే, క్లాంప్ లాంటివి దొరుకుతాయి, అవి తీసుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ బ్యాటరీ మాత్రం ఎంత చవకైనా వద్దు.

బిగించడం

1. నీడలో, సమతలం మీద బండి ఆపి, తాళం తీసి, హ్యాండ్ బ్రేక్ వేయండి. కొన్ని ఫోర్డ్, స్కోడా కార్ల రేడియోలు కరెంటు పోయి వస్తే కోడ్ అడుగుతాయి. అది ముందే వెతికి పెట్టుకోండి. వైర్ల అమరిక ఫోటో తీసుకోండి.

2. ముందు నెగెటివ్ విప్పండి. ఇది మారకూడని నియమం. కారు బాడీ అంతా నెగెటివ్‌కే కలిసి ఉంటుంది. పాజిటివ్ ముందు విప్పుతూ స్పానర్ బాడీకి తగిలితే భారీగా షార్ట్ అవుతుంది. నెగెటివ్ పోయాక ఆ భయం లేదు. విప్పిన వైరుకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి.

3. పాజిటివ్ విప్పి, అడుగున లేదా పైన బ్యాటరీని పట్టి ఉంచే క్లాంప్ తీసి, బ్యాటరీని నిలువుగా ఎత్తండి. చిన్న కారు బ్యాటరీ కూడా పది కిలోల దాకా ఉంటుంది, నడుము జాగ్రత్త. టెర్మినల్ క్లాంప్ రాకపోతే సుత్తితో కొట్టకండి, పోస్టు లోపల విరుగుతుంది. బోల్టు పూర్తిగా వదులు చేసి స్క్రూడ్రైవర్‌తో క్లాంప్ నోరు కొంచెం తెరవండి.

4. ట్రే సోడానీళ్లతో కడిగి, తుప్పు గీకి, పెయింట్ వేసి ఆరనివ్వండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. యాసిడ్ కారిన ట్రే కింద బాడీ కూడా తినుకుపోతుంది, పాత కారుకు అది బ్యాటరీ కన్నా పెద్ద ఖర్చు.

5. కొత్తది పెట్టి, కదలకుండా క్లాంప్ బిగించండి. మన గుంతల రోడ్ల మీద ఊగే బ్యాటరీలో ప్లేట్ల మీది పదార్థం రాలిపోతుంది. బ్యాటరీ చుట్టూ వేడి తగలకుండా కంపెనీ పెట్టిన కవర్ ఉంటే తప్పకుండా తిరిగి పెట్టండి.

6. పాజిటివ్ ముందు, నెగెటివ్ చివర. తారుమారైతే ఒక్క క్షణంలో మెయిన్ ఫ్యూజ్, ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి, కాబట్టి బిగించే ముందు గుర్తులు రెండుసార్లు చదవండి. చేత్తో తిప్పితే కదలనంత బిగించండి, అంతకన్నా వద్దు.

7. స్టార్ట్ చేసి వెంటనే చార్జింగ్ వోల్టేజీ కొలవండి. 13.8 నుంచి 14.5 మధ్య వస్తేనే పని పూర్తయినట్టు. ఎంపీఎఫ్ఐ కార్లలో ఐడిలింగ్ మొదట కొంచెం ఎగుడుదిగుడుగా ఉండొచ్చు, కాసేపు నడిపితే సర్దుకుంటుంది. బిగించిన తేదీ బ్యాటరీ మీద మార్కర్‌తో రాయండి, బిల్లు, వారంటీ కార్డు ఫోటో ఫోన్‌లో పెట్టుకోండి.

పాత బ్యాటరీ కొన్న షాపులోనే ఇచ్చేయండి, దాని విలువ బిల్లులో తగ్గిస్తారు. వాడేసిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారీదారులదే. పాత పేపర్ల అంగడిలో నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తామన్నా ఇవ్వకండి. అలాంటి చోట్ల దాన్ని పగలగొట్టి యాసిడ్ కాలువలో పారబోసి, సీసాన్ని పెరట్లోనే కరిగించే వాళ్ల చేతికి చేరుతుంది. ఆ పొగ, ఆ దుమ్ము ఎక్కువగా దెబ్బతీసేది చుట్టుపక్కల ఇళ్లలోని చిన్నపిల్లలనే. తీసుకెళ్లేటప్పుడు నిలువుగా, ప్లాస్టిక్ ట్రేలో, టెర్మినళ్ల మీద టేపు అంటించి తీసుకెళ్లండి.